ముందువైపు కప్పిన పట్టా

వాన అందుకోగానే మెకానిక్ పరుగెత్తి, షెడ్డు బయటున్న స్పోర్ట్స్ కారు ముందు భాగానికి పట్టా కప్పాడు. ఇన్నేళ్లూ ప్రతి కారుకూ అలాగే కప్పాడు. వాన వెలిశాకగానీ గుర్తుకు రాలేదు, దీని ఇంజన్ సీట్ల వెనకాల, డిక్కీ ముందువైపు ఉంటాయని.

వెనక మూతకున్న గాలి చీలికల్లోంచి నీళ్లన్నీ లోపలికే దిగాయి. నీళ్లు బయటికి పోయే గొట్టాలకు ఆకులు అడ్డుపడి, ఇంజన్ మీద స్పార్క్ ప్లగ్గులుండే గుంతలు నిండిపోయాయి.

"భలే కాపాడావు బావా, డిక్కీని!" అన్నాడు షెడ్డులో సాయంగా ఉండే బావమరిది.

"నోర్మూసుకొని గుడ్డ పిండరా. ఇంజన్ పోతే ఈ షెడ్డు మూసుకోవాల్సిందే."

"ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దామా?"

"లోపలికి నీళ్లు దిగుంటే, తాళం తిప్పగానే ఇంజన్ ముక్కలవుతుంది."

అద్దిన గుడ్డ అద్దినట్టే తడుస్తోంది. ఇంతలో కారు యజమాని రానే వచ్చాడు.

"తాళం ఇటివ్వు, తొందరగా వెళ్లాలి."

ఇచ్చేస్తే, ఇంజన్ ఆయన చేతిలోనే పోతుంది, తప్పు తన మీదికి రాదు. బావమరిది ఇచ్చెయ్యమని కళ్లతోనే బతిమాలుతున్నాడు. మెకానిక్ తాళాన్ని గుప్పిట్లో బిగించాడు.

"ఇవ్వలేను సార్," అన్నాడు. "ఇంజన్‌లో నీళ్లు పడ్డాయి. పట్టా నేనే ముందువైపు కప్పాను."