తుఫాను కన్ను చూసినదాన్ని

నేను ఒక మానవరహిత విమానాన్ని. మనుషుల్ని మోయను, వాళ్ల కోసం తుఫానులోకి దూరతాను. భీమిలి తీరంలో ఫైబర్ పడవలు చేసే షెడ్డులో పుట్టాను. నన్ను రూపొందించింది హైమవతి అనే ఇంజనీరు. నా ఒళ్లు పోసింది పడవల మేస్త్రి సూరాడ పోలారావు.

నాకన్నా ముందు పుట్టిన అక్కలిద్దరూ పరీక్షల్లోనే రెక్కలు విరగ్గొట్టుకున్నారు. అందుకని నా రెక్కల్ని ఇంకా బిగువుగా చేయమంది హైమవతి. పోలారావు ఒప్పుకోలేదు.

“గాలితో దెబ్బలాడితే ఇరిగిపోద్దమ్మా. కూసింత వంగనీ.”

“వంగితే నా లెక్కలన్నీ తప్పుతాయి బాబాయ్.”

“నెక్కలు మార్చుకో తల్లీ. గాలైతే మారదు కదేటి.”

ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు కొత్త లెక్కలతో వచ్చి, ఏమీ జరగనట్టు ఇద్దరికీ టీ తెప్పించింది. మనుషులు తప్పు ఒప్పుకునే పద్ధతి అదేనని అప్పుడే తెలుసుకున్నాను.

కార్తీకంలో తుఫాను వచ్చింది. తీరం చేరేలోపు నీరసపడుతుందని అందరూ అనుకున్నారు. పోలారావు ఉండే జాలరిపేటలో ఎవరూ ఇళ్లు వదల్లేదు. తెల్లారగానే నన్ను ఎగరేశారు. వాన బాదింది, రెక్కలు వంగాయి, విరగలేదు. లోపలికి పోయేకొద్దీ గాలి పీడనం అనుకున్నదానికన్నా బాగా పడిపోతోంది. అంటే తుఫాను బలం పుంజుకుంటోంది. ఆ మాట ఖాయంగా చెప్పాలంటే దాని నడిమధ్య ఉండే కన్ను దాకా వెళ్లాలి. వెళ్తే వెనక్కి రావడానికి బ్యాటరీ చాలదు.

ఒడ్డున హైమవతి వేలు నన్ను వెనక్కి పిలిచే మీట మీద ఆగిపోయిందట. నాలుగేళ్ల కష్టం మరి.

“పోనీ తల్లీ, మల్లీ సేసుకుందాం” అన్నాడట పోలారావు.

తుఫాను కంట్లో గాలి లేదు. పైన నీలాకాశం. చివరి అంకెలు పంపి సముద్రంలో వాలిపోయాను. అవి చూసిన అధికారులు మధ్యాహ్నానికల్లా పేటనంతా తుఫాను షెల్టరుకు తరలించారు. సాయంత్రానికి సగం ఇళ్లు కొట్టుకుపోయాయి. ప్రాణం ఒక్కటీ పోలేదు.

నలభై రోజులకు ఆ పేటవాళ్ల వలలోనే పడ్డాను. నేనేమిటో తెలియని మైలపల్లి నూకమ్మ నా రెక్కల మీద నెత్తళ్లు ఎండబెట్టింది. పోలారావు గుర్తుపట్టి కబురు పెడితే హైమవతి పరిగెత్తుకొచ్చింది. సంగతి విని నూకమ్మ గబగబా చేపలు తీసి, నన్ను కొంగుతో తుడిచింది.

“మమ్మల్ని కాసింది ఇదేనేటి? తెలీక సేపలెట్టాను తల్లీ.”

హైమవతి నవ్వి, పరికరాల పెట్టె మాత్రం తీసుకుంది. “ఇది నీ దగ్గరే ఉండనీ నూకమ్మా. షెడ్డులో కొత్తది తయారవుతోంది.”

ఇప్పుడు నేను మళ్లీ నెత్తళ్లు మోస్తున్నాను. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా నూకమ్మ ఒక్కోసారి వాటిని లోపలికి తీసేస్తుంది. గంటలో వాన పడుతుంది. ఆమెకెలా తెలుస్తుందో, అన్ని పరికరాలు మోసిన నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.