పూజలో పెట్టిన వాన గొట్టం

బడిలో ప్రేమ్‌సాగర్ సారు వాన రిజిస్టరును నా ముందు తెరిచి రెండు గడుల మీద వేలు పెట్టాడు. అక్టోబరు ఒకటి, రెండు. చుట్టూ ఉన్న గడులన్నిటిలో మా ప్రణవి రాసిన గుండ్రటి అంకెలు ఉన్నాయి. ఆ రెండిటిలో ఏమీ లేదు.

"తొంబై దినాల రికార్డు ఇది బాల్‌రాజన్నా. ఎనబై ఎనిమిది ఉన్నయి, గీ రెండు లేవు. మీ బిడ్డను రాయమంటే రాయనంటది. జర మీరన్న చెప్పుండ్రి."

ప్రణవి తొమ్మిదో తరగతి. తాండూరులో తను చదివే బడికి పోలండ్ దేశంలోని ఒక బడితో జత కుదిరింది. రెండు బడుల పిల్లలూ ఒకే రకం గొట్టం పెట్టి, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు తమ ఊళ్ళో కురిసిన వానను కొలిచి రాయాలి. సెప్టెంబరు ఒకటి నుంచి తొంభై రోజులు. ఆ తర్వాత కంప్యూటరు తెర మీద ఒకరికొకరు కనబడి, తాము చూసింది తాము చెప్పుకోవాలి. అంతర్జాతీయ ప్రాజెక్టు, ఆధునిక నైపుణ్యాలు అని బడి గోడకు బ్యానరు కూడా కట్టారు.

నేను ఇంటర్ తప్పి, బోరు మోటార్లు బాగు చేసే షెడ్డు పెట్టుకున్నవాణ్ణి. బ్యానరు మీది మాటలు నాకు పెద్దగా తెలియవు. కానీ బిడ్డ మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను నీటి మట్టానికి సమంగా పెట్టి గీత చదవడం చూస్తే ఇది నా పని లాంటిదే అనిపించేది. మోటారుకు తీగ చుట్టేటప్పుడు ఒక్క చుట్టు లెక్క తప్పినా నేను మొత్తం విప్పి మళ్ళీ చుడతాను.

ఆ రెండు గడులు ఖాళీగా ఉండటానికి కారణం నేనే.

దసరా సెలవుల్లో బడికి తాళం పడుతుంది గనుక వాన గొట్టం మా మిద్దె మీదికి వచ్చింది. మహానవమి పొద్దున నేను తలస్నానం చేసి ఆయుధ పూజకు కూర్చున్నాను. కర్ణాటకకు దగ్గర గనుక మా వైపు ఈ పూజ గట్టిగానే చేస్తారు. రెంచీలు, పటకార్లు, కరెంటు మీటరు, కత్తిపీట, బండి తాళంచెవి అన్నీ అమ్మవారి ముందుకు రావాలి. ఏ పనిముట్టుతో మన బతుకు నడుస్తుందో దానికి ఆ రోజు విశ్రాంతి. మర్నాడు దసరా సాయంత్రం జమ్మి చెట్టుకు పోయి వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. ఆ వరసలోనే వాన గొట్టాన్నీ దించుకొచ్చాను. నిజం చెప్పాలంటే సంతోషంగా తెచ్చాను, నా బిడ్డ పనిముట్టు కదా అని. రాత్రి పడిన చినుకుల నీళ్ళు లోపల కొంచెం ఉంటే పారబోసి, శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాను.

ఎనిమిదిన్నర కాకముందే ప్రణవి నోటుపుస్తకం పట్టుకుని మిద్దె దిగి వచ్చింది.

"డాడీ, గొట్టమేది?"

"పూజల ఉన్నది."

"లోపట నీళ్ళుండె గదా."

"పారబోసిన."

"నేనింకా చూడలేదు డాడీ. పోనీ ఇప్పుడన్న ఇయ్యి, మల్ల పైన పెడ్త."

హారతి పళ్ళెం పట్టుకుని నిలబడిన మా అమ్మ ఇంద్రమ్మ ముందుకొచ్చింది. "అమ్మోరి ముంగట పెట్టింది కదిలిస్తరానే పిల్లా? జమ్మికి పోయొచ్చినంక తీస్కో. వాన యాడికి పోతది, మల్ల పడ్తది."

"పడ్డ వాన మల్ల పడదు నాయనమ్మా."

"పండుగ పూట ఎదురు మాట్లాడకు," అని నేను కసిరాను.

ఆ సాయంత్రం వాన దంచి కొట్టింది. ప్రణవి నా షెడ్డులోంచి ఖాళీ పెయింటు డబ్బా ఒకటి తెచ్చి మిద్దె మీద పెట్టింది. గోడలు నిటారుగా ఉన్న డబ్బా అయితే కొలతకు పనికొస్తుందట. తెల్లారి చూస్తే డబ్బాలో చుక్క నీళ్ళు లేవు. అడుగున తుప్పు తిని చిల్లి పడింది. ఆ డబ్బా తెచ్చి నా ముందు పెట్టిపోయింది. ఆ పగలు చినుకు పడలేదు, సాయంత్రం జమ్మికి పోయి వచ్చాక గొట్టం మళ్ళీ మిద్దె ఎక్కింది.

ఇప్పుడు బడిలో నా పక్కన నిలబడి ఉంది.

"ఫోన్‌ల తాండూరు వాన చూసిన," అన్నాడు సారు. "ఒకటో తారీకు నాలుగు మిల్లీమీటర్లు, రెండో తారీకు ముప్పై ఎనిమిది. గవి రాస్తే అయిపాయె."

"అది మా మిద్దె మీద పడ్డది కాదు సార్," అంది ప్రణవి. "ఫోన్‌ల ఉన్నదే రాసేటట్టుంటే నేను రోజు గొట్టం కాడికి ఎందుకు పోయిన?"

"మరేం రాద్దామంటవ్?"

"పూజల పెట్టిండ్రు, అందుకే కొలవలేదని రాస్త."

సారు నవ్వాడు. "పోలండోల్లకా? వాన గొట్టానికి బొట్టు పెట్టి దండం పెట్టినమని చెప్తమా? ఇజ్జత్ పోతది పిల్లా."

నాకు కోపం వచ్చింది. దసరా నాడు సారు తన బండికి కట్టిన బంతిపూల దండ ఎండిపోయి ఇంకా హ్యాండిలుకు వేలాడుతూనే ఉంది. బడిలోకి వస్తూ చూశాను. కానీ కోపం కంటే ముందు సిగ్గు వచ్చింది. అదే నన్ను ఇప్పటికీ తొలుస్తోంది. అమ్మవారి ముందు చేసింది మంచి పని అయితే చెప్పుకోవడానికి సిగ్గెందుకు? చెప్పుకోలేని పని అయితే ఎందుకు చేసినట్టు?

సారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఖాళీ గడులుంటే మన బడిని లిస్టుల నుంచి తీసేస్తరని హెడ్‌మాస్టర్ పరేషాన్ అయితున్నడన్నా. ఇరవై మంది పిల్లల సర్టిఫికెట్లు గిదాని మీద ఉన్నయి."

"తీసేస్తరని యాడ రాసుంది సార్?" ప్రణవి అడిగింది.

"అన్ని రాసుంటయా? మనమే సమజ్ చేసుకోవాలె." మళ్ళీ నా వైపు తిరిగాడు. "రికార్డు పూర్తయితే శుక్రవారం వికారాబాద్‌ల తెర మీద ప్రణవినే మాట్లాడిపిస్త. లేకుంటే వాల్ల క్లాసు రిత్విక్‌ను పెడ్త. వానికి ఇంగ్లీషు మస్తొస్తది."

"రిత్విక్ ఒక్కనాడన్న వాన కొలిచిండా సార్?" అన్నాను నేను.

"గది వాల్లకెట్ల తెలుస్తదన్నా?"

నెల రోజులుగా ప్రణవి చెప్పాల్సిన వాక్యాలు అద్దం ముందు నిలబడి చదువుకుంటోంది. తెర ముందు దాని చోట ఇంకెవరో కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను. తప్పు నాది, పాపం ఉంటే నాకే తగలనీ అనుకుని సారు జేబులోని పెన్ను అడిగి తీసుకున్నాను. మొదటి గడిలో నాలుగు, రెండో గడిలో ముప్పై ఎనిమిది రాశాను. నా అంకెలు పెద్దవి, వంకరవి. దూరం నుంచి చూసినా ఆ పేజీలో వేరుగా కనబడుతున్నాయి.

ప్రణవి గడుల వైపు చూసింది, నా వైపు చూసింది, క్లాసుకు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. ఏమైనా కావాలంటే వాళ్ళ నాయనమ్మతో చెప్పించేది.

మా అమ్మకు సంగతంతా తెలిసింది. "నువ్వెందుకు రాసినవ్ కొడుకా?"

"బిడ్డ కోసం."

"అమ్మోరికి రెండు దినాలు ఇచ్చినం. ఇచ్చినంక మల్ల గుంజుకుంటివి," అంది.

శుక్రవారం తాండూరు నుంచి రైల్లో వికారాబాద్ వెళ్ళాం. అక్కడి బడిలో పెద్ద తెర ఉంది. వాళ్ళదీ ఇదే ప్రాజెక్టు. ఆ బడి టీచరు జ్యోతిరాణి మేడం, మాలాంటి తల్లిదండ్రుల కోసం మాటలు తెలుగులో చెబుతోంది. తెర మీద ఉన్ని టోపీలు పెట్టుకున్న పిల్లలు కనిపించారు. ముందు వాళ్ళే తమ పట్టిక చూపించారు.

అందులో మూడు గడులు ఖాళీగా ఉన్నాయి.

నేను సరిగ్గా చూస్తున్నానా అని ముందుకు వంగాను. ఖాళీ గడుల పక్కన ఏదో రాసి ఉంది. జ్యోతిరాణి మేడం చెప్పింది: "నవంబరు ఒకటో తారీకు వాళ్ళంత తాత ముత్తాతల సమాధుల కాడికి పోయి దీపాలు పెడ్తరంట. ఆ రోజు ఎవ్వరు గొట్టం చూడలేదంట. చివర్ల రెండు దినాలు నీళ్ళు గడ్డ కట్టి గొట్టం పగిలిందంట."

ఆ పిల్లలు ఏ సంకోచమూ లేకుండా చెప్పి, తర్వాతి పేజీకి వెళ్ళిపోయారు. నేను ప్రేమ్‌సాగర్ సారు వైపు చూశాను. సారు తన ఫోను చూసుకుంటున్నాడు.

ప్రణవి వంతు వచ్చింది. అది తడబడకుండా చదివింది. నాకు సగమే అర్థమైంది. అయిపోయాక తెర మీద ఒక అమ్మాయి మా పట్టికలో ఒక గడిని చూపించి ఏదో అడిగింది. మేడం అది చెప్పకముందే నాకు అర్థమైంది. అక్టోబరు రెండు. అన్నిటికన్నా పెద్ద వాన. ఆ రోజు ఎలా ఉండిందో చెప్పమంటోంది.

ప్రణవి నా వైపు చూస్తుందనుకున్నాను. చూస్తే తల అడ్డంగా ఊపుదామనుకున్నాను. అది చూడలేదు.

నెమ్మదిగా, ఒక్కొక్క మాట కూర్చుకుంటూ చెప్పింది. జ్యోతిరాణి మేడం గొంతు తగ్గించి తెలుగులో అంది: "ఆ అంకె నాది కాదు. మేము ఆ రెండు దినాలు కొలవలేదు. మా గొట్టం పూజల…"

అంతలో సారు లేచి మైకు తీసుకున్నాడు. నవ్వుతూ నెట్‌వర్కు గురించి ఏదో చెప్పాడు. తెర మీది అమ్మాయి చెయ్యెత్తి ఇంకేదో అడగబోయింది. సమయం లేదని వికారాబాద్ బడి పిల్లలను పిలిచారు. చివర్లో అందరూ చేతులు ఊపారు. ప్రణవి కూడా ఊపింది.

బయట వరండాలో సారును ఆపాను. "వాల్లు ఖాళీ పెట్టిండ్రు గద సార్."

"నాకేం తెలుసన్నా? ఎవ్వరు చెప్పలే."

"మనం అడగలే."

"ఇప్పుడేం చేయమంటరు? రికార్డు మొన్ననే పంపించిన. ఇంక దిద్దనీకి రాదు." గొంతు తగ్గించాడు. "హెడ్‌మాస్టర్‌కు ఈ ముచ్చట తెలిస్తే, వచ్చేసారి ప్రాజెక్టుల ప్రణవిని వద్దంటడు. నా మీద కోపం పెట్టుకోకుండ్రి." రిజిస్టరు ప్రణవి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆయనకు ఇక దానితో పని లేదు.

తిరుగు రైల్లో అనంతగిరి కొండలు కనబడగానే అలవాటుగా అక్కడి గుళ్ళోని పద్మనాభస్వామికి చేతులు జోడించాను. ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతాను. ఆ రోజు ఏం అడగాలో తోచలేదు. బిడ్డ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికి రాగానే రిజిస్టరు తెరిచి నా ఒళ్ళో పెట్టింది. అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది.

"నువ్వు రాసినవ్. నువ్వే కొట్టేయ్."

కొట్టేశాను.

"ఎందుకు కొలవలేదో రాయి."

నాకు ఇంగ్లీషు రాయడం రాదు. తెలుగులోనే రాశాను: 'ప్రణవి తండ్రి బాల్‌రాజ్ నీళ్ళు పారబోసి, గొట్టాన్ని రెండు రోజులు ఆయుధ పూజలో పెట్టినాడు.' గడి చాలక అక్షరాలు పక్క గీత దాటి పోయాయి. అది చదివి రిజిస్టరు మూసింది.

"ఇది ఎవరన్న చూస్తరా?" అని అడిగాను.

"ఎవ్వరు చూడరు."

గొట్టం ఇంకా మా మిద్దె మీదే ఉంది. బడి నుంచి ఎవరూ అడగలేదు.

"వచ్చే దసరాకు దాన్ని పూజల పెట్టాల్నా, వద్దా?" అన్నాను.

"ఎనిమిదిన్నరకు నేను చూసినంక పెట్టు. వాన మొదలైతే తీస్త."

"జమ్మికి పోకముందేనా?" అని వంటింట్లోంచి మా అమ్మ అడిగింది.

ప్రణవి నా వైపు చూసింది.