వదిన అడుగులు

ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తను కళ్ళు తిరిగి పడిపోతే, తలుపు గడియ అందని రెండేళ్ళ కూతురు పక్కనే కూర్చుని ఏడుస్తూ ఉండిపోతుందని.

రోజంతా కూర్చుని చొక్కాలకి బొత్తాలు కుట్టే పని. బీపీ ఎక్కువగా ఉంది, రోజూ నడవమ్మా అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నడక మొదలుపెట్టడం నాలుగుసార్లయింది, మానెయ్యడమూ నాలుగుసార్లే. ఆమె కొన్న బూట్లలో పిల్ల బొమ్మలు హాయిగా నిద్రపోతున్నాయని మొగుడి ఎగతాళి.

చివరికి దారి చూపింది ఆడపడుచే. రెండు వీధుల అవతల ఉంటుంది. భర్త నెలల తరబడి ఓడ మీదే, తోడు ఐదేళ్ళ కూతురు. ఆ వదిన అడుగులు లెక్కపెట్టే గడియారాలు రెండు కొంది. ఒకరి లెక్క ఇంకొకరి ఫోన్లో కనబడుతుంది. వారంలో తక్కువ నడిచినవాళ్ళు రెండో ఇంటి దుప్పట్లు ఉతకాలి. వదిన దుప్పట్లంటే మాటలా? తడిస్తే ఇద్దరు పట్టి ఎత్తాలి. ఆ భయానికే ఆమె రెండు నెలలు ఒక్క రోజు తప్పలేదు.

ఆ వారం బుధవారం నుంచి వదిన లెక్క రోజుకి పదిహేను వేలు దాటింది. ఆమెకి ఒళ్ళు మండింది. పిల్లని చంకనేసుకుని మెట్లెక్కింది, దిగింది, ఒక్క ఉల్లిపాయ కోసం కొట్టుకి మూడుసార్లు తిరిగింది. వదినకి ఫోన్ మాత్రం చెయ్యలేదు. అన్ని అడుగులు వేస్తున్న మనిషికి ఏం, గుండ్రాయిలా ఉండి ఉంటుందిలే అనుకుంది.

ఆదివారం పొద్దున, ఓడిపోయాను గదా అని మూతి ముడుచుకుని దుప్పట్ల కోసం వెళ్ళింది. తలుపు తడితే లోపల స్టూలు ఈడ్చిన చప్పుడు. దానిమీదెక్కి గడియ తీసింది వదిన కూతురు. గడియారం ఆ పిల్ల చీలమండకి రిబ్బనుతో కట్టి ఉంది.

“మెల్లగా అత్తా. అమ్మ లేవకూడదు. అమ్మ నడక నేనే నడుస్తున్నా.”

వదిన నేల మీద పరుపేసుకుని పడుకుని ఉంది. మోకాలి కింద కాలు నల్లగా కమిలి దిండంత వాచింది. చుట్టూ బిస్కెట్ల కాగితాలు, సగం నీళ్ళున్న సీసాలు. బుధవారం బాత్రూంలో జారిందట.

ఆమె పరుపు పక్కన కూర్చుంది. తను రోజూ భయపడేది ఈ ఇంట్లో ఎప్పుడో జరిగిపోయింది. ఆ నాలుగు రోజులూ తను అంకె చూసి కుళ్ళుకుంటూ కూర్చుంది.

“నాకెందుకు చెప్పలేదు వదినా?”

“చెబితే నడక మానేసి నా పక్కన కూర్చుంటావు. ఐదోసారి మళ్ళీ మొదలుపెడతావా నువ్వు? బెణికిందే అనుకున్నా.”

ఆస్పత్రిలో ఎముక రెండుచోట్ల విరిగిందన్నారు. ఇన్ని రోజులూ ఎవరూ చూడలేదా అని డాక్టరు అడిగితే ఆమె తల దించుకుంది. చూసింది, గంటకోసారి చూసింది, ఫోన్లో.

దుప్పట్లు ఉతికింది. నడక మానలేదు. కాకపోతే ఇప్పుడు ఆ నడక వదిన గుమ్మం దాకా వెళ్ళి, ఆవిడ కసుర్లు నాలుగు వింటేనే ఆమెకి నడిచినట్టు.

మీ ఫోన్లోనూ రోజూ అంకె మాత్రమే కనబడే మనిషి ఎవరైనా ఉంటే, ఈ రోజు ఒక్కసారి వెళ్ళి తలుపు తట్టి చూసి రండి.