నాలుగు మార్కుల ప్రశ్న

స్పాట్ వాల్యుయేషన్ మూడో రోజుకు పద్మలత చెయ్యి దానంతటదే టిక్కులు పెట్టడం నేర్చేసుకుంది. కాశిబుగ్గలో సోషల్ చెప్పే టీచరమ్మ ఆమె. పదో తరగతి పేపర్లు దిద్దడానికి హనుమకొండలో ఒక బడికి పిలిపించారు. రోజుకు నలభై పేపర్లు. వాటి మీద ఊరుండదు, పేరుండదు, ఒక కోడ్ నంబరు తప్ప. ఏప్రిల్ ఎండకు గది ఉడికిపోతోంది. ఫ్యాను తిరుగుతోంది గాని ఎవరి కోసం తిరుగుతోందో దానికే తెలియాలి.

పదో పేపరు దగ్గర ఆ చెయ్యి ఆగింది.

నాజీలు యూదులపై సాగించిన మారణకాండను వివరించండి. నాలుగు మార్కుల ప్రశ్న. పైనుంచి వచ్చిన జవాబుల కీలో నాలుగు పాయింట్లున్నాయి, పాయింటుకో మార్కు. పొద్దుట్నుంచి దిద్దిన తొమ్మిది పేపర్లలోనూ పిల్లలు అవే నాలుగు పాయింట్లు అప్పజెప్పినట్టు రాశారు. నిర్బంధ శిబిరాలు, ఆకలి, కాల్పులు, విషవాయువు గదులు. ఆమె చకచకా నాలుగు టిక్కులు కొట్టి నాలుగు మార్కులు వేసింది. రాసేవాళ్ళకూ సుఖం, దిద్దేవాళ్ళకూ సుఖం.

ఈ పదో పేపరులో పాయింట్లే లేవు. గుండ్రటి అక్షరాలు చూసి ఆడపిల్ల అనుకుని చదవసాగింది.

"మా సారు 6 లక్షల మందిని చంపిండ్రని రాసిచ్చిండు. పుస్తకంల చూస్తే 60 లక్షలున్నది. సారుకు చెప్పిన. రాసిచ్చింది రాయి, మార్కులొస్తయి అన్నడు. అట్ల రాస్తే మిగిలినోళ్ళను లెక్కలకెల్లి నేనే తీసేసినట్టు అయితది. 54 లక్షల మంది. మా ఊర్ల రెండు వేల మంది ఉంటరు."

మార్జిన్‌లో ఆ పిల్ల భాగహారం చేసింది. రెండు వేల ఏడు వందలు వచ్చింది. అంటే తన ఊరులాంటి ఊళ్ళు రెండు వేల ఏడు వందలు, ఏ ఇంట్లోనూ మనిషి లేకుండా. అంత ఊహించడం తన వల్ల కాలేదు కాబట్టి ఒక్క ఊరైనా చూద్దామని మొదలుపెట్టిందట. ముందు తన ఇల్లు. అమ్మ, నాన్న, తమ్ముడు, తను. పక్కన రాజక్క ఇల్లు, ఐదుగురు. ఎదురింట్లో మొగిలయ్య తాత, మొన్న పుట్టిన మనవరాలు, దానికింకా పేరు కూడా పెట్టలేదు. అలా ఇంటింటికీ పోతూ మనుషుల్ని ఒక్కొక్కరినే తీసేస్తూ రెండున్నర పేజీలు రాసింది. చివరి వాక్యం ఇది: "బెల్లు కొడుతున్నరు, మా వాడకట్టు గూడ అయిపోలేదు."

ఆ తర్వాతి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. పరీక్షలో మిగిలిన టైమంతా ఈ ఒక్క జవాబుకే పోయింది.

పద్మలతకు ఏడుపొచ్చింది. పక్క బల్లవాళ్ళు చూస్తారని ముక్కు చీదినట్టు నటించి మిగతా జవాబులు మళ్ళీ తిరగేసింది. మ్యాపులో అర, రెండు మార్కుల ప్రశ్నలో ఒకటి, గీకి గీకి ఈ జవాబు కాకుండా ఇరవై నాలుగు చేసింది. పాసవ్వాలంటే ఇరవై ఎనిమిది కావాలి. ఒకటో రెండో తక్కువైతే ఎవరైనా కళ్ళు మూసుకుని వేసేస్తారు. ఇక్కడ కావలసింది పూర్తిగా నాలుగు.

అప్పుడు ఇంకేదో గుర్తొచ్చి ముందరి తొమ్మిది పేపర్లూ వెనక్కి తీసింది. తొమ్మిదింటిలోనూ 6 లక్షలే, అందరూ ఆ సారు పిల్లలే కాబోలు. పక్కనే తన ఎర్రటి టిక్కులు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పాఠం చెబుతున్న మనిషి, తొమ్మిదిసార్లు చదివి తొమ్మిదిసార్లూ గమనించలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పేపరు తీసుకుని చీఫ్ ఎగ్జామినర్ కుమారస్వామి సారు దగ్గరికి వెళ్ళింది. జూన్‌లో రిటైరయ్యే మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. రెండున్నర పేజీలూ వేలు పెట్టి చదివాడు.

"నాకు గూడ మనసుల ఎట్లనో అయితాంది మేడం. కానీ కీల ఉన్న పాయింటు ఒక్కటి గూడ లేదు. నాలుగేస్తే నేను సంతకం ఎట్ల పెడ్త? ఒక్కటెయ్యిండ్రి."

ఒకటి వేస్తే ఇరవై ఐదు. ఆ ఒక్కటి ఎందుకూ పనికిరాదని ఇద్దరికీ తెలుసు. క్యాంపు ఆఫీసరుకు చూపిస్తానంది పద్మలత. కుమారస్వామి సారు తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల తన సారు అన్న మాటనూ, ఊరివాళ్ళ పేర్లనూ రాసింది కాబట్టి పైవాళ్ళు దీన్ని మార్కుల కోసం బతిమాలడం కింద జమకడతారనీ, మాల్‌ప్రాక్టీస్ అన్నారంటే అన్ని సబ్జెక్టుల ఫలితాలూ ఆగిపోతాయనీ చెప్పాడు. ఆ పిల్లకు మేలు చెయ్యాలంటే నోరు మూసుకోవడమే మార్గం.

మరి ఆ తొమ్మిది పేపర్ల సంగతేమిటని అడిగింది. కీలో సంఖ్య అడగలేదు, మార్కులు తీసే పని లేదు అన్నాడు.

"జూన్‌ల సప్లిమెంటరీ ఉన్నది గదా మేడం. ఒక్క సబ్జెక్టే. రాస్తది, పాసైతది."

"పాసైతది సార్. ఈసారి ఆరు లక్షలనే రాస్తది."

కుమారస్వామి సారు కళ్ళద్దాలు తీసి, శుభ్రంగానే ఉన్నవాటిని చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

పద్మలత తన బల్ల దగ్గరికి వచ్చి జవాబు పక్కన 1 వేసింది. ఇరవై ఐదని మొత్తం రాసి సంతకం పెట్టింది. ఆ పిల్ల ఏ ఊళ్ళో ఉందో తెలిస్తే వెళ్ళి, నువ్వు రాసిందే జవాబమ్మా అని ఒక్క మాట చెప్పేది. కోడ్ నంబరుకు ఎవరైనా ఏం చెప్పగలరు?

పదకొండో పేపరు తీసింది. మొదటి పాయింటులోనే 6 లక్షలు. ఆరు పక్కన ఎర్ర ఇంకుతో ఒక సున్నా పెట్టింది. దిద్దిన పేపరు మళ్ళీ పిల్లల చేతికి వెళ్ళదు, ఆ సున్నాను ఎవరూ చూడరు. అయినా సాయంత్రం దాకా మిగిలిన పేపర్లన్నిటిలోనూ ఆరు పక్కన సున్నా పెట్టింది, టిక్కులు కొట్టింది, నాలుగు మార్కులు వేసింది.