ఏడేసి గొర్రెలు

ఎక్కాలు బట్టీ పట్టించడమంటే నాకు ఒళ్లుమంట. ఏడెనిమిదులు యాభై ఆరని చిలకపలుకులు పలికినవాణ్ణి, ఎట్లా అయ్యిందిరా అని అడిగితే నోరు వెళ్లబెడతాడు. అందుకే ముదిగుబ్బ దగ్గరి మా పల్లె బడిలో దాటుడు లెక్క నేర్పుతాను. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి అంటూ ఏడేసి దాటుకుంటూ పోతే ఎక్కం దానంతటదే వస్తుంది.

ఐదో తరగతి త్రివేణికి అది ఎంతకీ పట్టుబడలేదు. వాళ్ల నాయన తిప్పేస్వామికి గొర్రెల మంద ఉంది. "దొడ్డిలోంచి ఏడేసి గొర్రెలు బయటికొస్తున్నాయనుకో" అన్నాను. అంతే, పిల్ల వేళ్లు మడుస్తూ పరుగందుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అది మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. ఏ లెక్క ఇచ్చినా ఆఖరి అంకె దగ్గర నోరు మూసేస్తుంది. నలభై తొమ్మిది దాకా వచ్చి ఆగిపోతుంది. "యాభై ఆరని అనడానికేమే నీకు రోగం?" అని కసిరాను. కళ్లనీళ్లు పెట్టుకుందే తప్ప పలకలేదు.

సంగతి తిప్పేస్వామి చెప్పాడు.

"మంద లెక్కలో ఆఖర్ది నోటితో అనకూడదు మేడమ్, దిష్టి తగుల్తాది. మనసులోనే అనుకోవల్ల. పోయినేడు ఈ పాప తెలీక పైకి అనేసింది. వానల్లో రోగమొచ్చి సగం మంద సచ్చిపాయ."

ఆ గొర్రెల్ని తానే చంపానని పిల్ల నమ్ముతోంది. తొమ్మిదేళ్ల పిల్లకు అంత బరువేమిటని నాకు ఏడుపొచ్చింది.

ఈ ఏడాది మేత లేదు. తిప్పేస్వామి మందను తోలుకుని, ఇంటిల్లిపాదితో కాలువల కింది ఊళ్లకు పోతున్నాడు. వెంట పోతే త్రివేణి చదువు ముగిసినట్టే. కదిరిలో ఒక ట్రస్టు వాళ్ల హాస్టలు బడిలో సీటొస్తే మాత్రం ఇక్కడే ఉండి చదువుకుంటుంది. అక్కడ పరీక్ష నోటితోనే, ఒక్క లెక్క తప్పినా సీటు రాదు.

నేను గొర్రెల్ని పక్కనపెట్టి చింతగింజలు తెచ్చాను. గింజలతో లెక్కపెట్టమంటే యాభై ఆరని గంట కొట్టినట్టు చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను.

కదిరిలో నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. హెడ్మాస్టరు మంచివాడు, పిల్ల బెదురు చూసి నవ్వుతూ అడిగాడు.

"మీ నాయన ఏం చేస్తాడు పాపా?"

"గొర్రెలు మేపుతాడు సార్."

"భలే! అయితే నీకు తెలిసిన లెక్కే అడుగుతా. ఏడేసి గొర్రెలు, ఎనిమిది గుంపులు. మొత్తం ఎన్ని?"

మళ్లీ గొర్రెలే! మహానుభావుడు మేలు చేద్దామనే అడిగాడు.

త్రివేణి తడుముకోకుండా నలభై తొమ్మిది దాకా వచ్చింది. ఆగి నావైపు చూసింది. గింజలనుకోవే తల్లీ అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఉండబట్టలేక "సార్, ఒక్క మాట" అని అడుగు ముందుకేశాను.

"మీరు అందించకూడదు మేడమ్" అన్నాడాయన. చాలాసేపు ఓపికగా చూసి, "పోనీలే పాపా" అని సున్నా వేశాడు.

అప్పుడు సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అర్థమయ్యింది మేడమ్. కానీ చెప్పని జవాబుకు మార్కు ఎట్లా వేసేది?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

బయట తిప్పేస్వామి కూతుర్ని అడిగిన మొదటి మాట, "అన్లేదు గదా?" లేదని తలూపింది. ఆయన ఊపిరి పీల్చుకుని బిడ్డ తల నిమిరాడు. ఉన్న నాలుగు గొర్రెలే వాళ్లకు తిండి, ఏమని తిట్టను?

త్రివేణి నా కొంగు పట్టుకుంది.

"మేడమ్, నోటితోనే గదా అనకూడదు. పలక ఇచ్చింటే రాస్తాంటి గదా."

వెనక్కి పరుగెత్తాను. తలుపు వేసేశారు. కొట్టాను, పిలిచాను. లోపల ఇంకో పిల్ల ఎక్కం చెబుతోంది, ఎవరూ తీయలేదు.

"రాండి మేడమ్, బస్సు పోతాది" అని తిప్పేస్వామి కేకేశాడు. "తెల్లారి మంద తోలుకోని పోవల్ల."