ఆది జాకెట్టు మీద నా కుళ్ళు

నేను ఒక దర్జీ టేపుని. అరవై అంగుళాల పొడవు, పసుపు పూత, రెండు కొసలకీ ఇత్తడి రేకులు. ఏ ఊళ్ళో పుట్టానో సరిగ్గా తెలీదు. గుడ్డ పట్టీకి పూత పూశారు, ఎండబెట్టారు, అంకెలు అచ్చుకొట్టి పెట్టెలో పడేశారు. నా బాల్యం అంతే. చీరాలలో బొత్తాల కొట్టు నుంచి వేటపాలెం హైమావతి నన్ను కొనుక్కుపోయింది. ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టే మనిషి. కొన్నరోజే దండలా మెడలో వేసుకుంది. ఇంక నా అంతటిది లేదనుకున్నాను.

ఆ ముచ్చట వారం కూడా నిలవలేదు. ఆ ఊళ్ళో ఏ ఆడదీ కొలత ఇవ్వదు. పగలంతా జీడిపప్పు కొట్లలో పని. ఒంటికి సరిపోయే పాత జాకెట్టు ఒకటి సంచిలో పెట్టి మొగుడి చేత పంపిస్తుంది. దాన్ని ఆది జాకెట్టంటారు. హైమావతి దాన్ని బల్ల మీద పరిచి, చేత్తో నిమిరి, దాని వారన సుద్దగీత గీస్తుంది. చెమట వాసన, తుప్పు పట్టిన హుక్కులు. ఒక్క అంకె రాదు. దానికి ఆ మర్యాద! నాకేమో గుడ్డ పన్నా కొలిచే పని.

హైమావతికి కూడా ఒక ఆది జాకెట్టు ఉండేది. ఆకుపచ్చది. ఇరవై ఏళ్ళనాటిది. తన జాకెట్లన్నీ దాన్ని చూసే కుట్టుకునేది. తన ఒంటికి నన్ను ఒక్కనాడూ చుట్టుకోలేదు. ఆ ఆకుపచ్చదాన్ని చూస్తే నా ఇత్తడి నల్లబడేది.

నాకూ ఒక సుఖం ఉండేది. ఆమె మిషను మీదికి వంగినప్పుడు నా కొస ఆమె ఎడమ రొమ్ముకు ఆనుకునేది. దసరా రోజుల్లో అక్కడేదో గట్టిగా తగిలింది. చింతగింజంత. హుక్కనుకున్నాను. కాదు. ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు ఆమె కూడా వేలితో నొక్కి చూసుకుంది. గుమ్మం వైపు చూసింది. "నొప్పి లేదుగా" అని తనకు తనే చెప్పుకుని మిషను తొక్కింది. ఆ సంగతి ఆమెకీ నాకూ మాత్రమే తెలుసు. పెట్టె అడుగునున్న ఆకుపచ్చదానికి తెలీదు. నిజం చెప్పొద్దూ, నేను సంతోషించాను.

మాఘమాసంలో ఒక పెద్ద బస్సు వచ్చి పంచాయతీ ఆఫీసు ముందు ఆగింది. అందులో రొమ్ములకు ఫొటో తీసే మిషను. నలభై దాటిన ఆడవాళ్ళకు ఊరికే చూస్తారట. మూడు రోజులే ఉంటుందట. దాంతో రెహానా అనే పిల్ల వచ్చింది. ఆడవాళ్ళు ఈ పరీక్షకు ఎందుకు రారో కనుక్కోవడమే ఆ పిల్ల చదువు. మొదటి రోజు నలుగురొచ్చారు. రెహానా కాళ్ళీడ్చుకుంటూ మా కొట్టుకొచ్చింది.

"ఆంటీ, మీ మాటైతే వింటారంట. కాస్త చెప్పి పెట్టండి."

"ఆ మిషను నొక్కుద్దంట గదమ్మా?"

"కొంచెం. పది నిమిషాల్లో అయిపోద్ది."

"చూసేది మగాళ్ళా?"

"లోపలంతా ఆడవాళ్ళమే. డ్రైవరన్న ఒక్కడే మగాడు. ఆయన టీకొట్లో ఉంటాడు."

నేను ఆమె మెడలో బిగుసుకుపోయాను. నిన్నగాక మొన్న వచ్చిన మిషను! నాలుగు నెలలు నేను దాచుకున్నది దానికి చెప్పేస్తుందా?

చెప్పలేదు. బస్సు మాట మాత్రం ఊరివాళ్ళకు చెప్పింది. సంచులు తెచ్చేది మగాళ్ళు గదా. వాళ్ళ ముందు రొమ్మనే మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు. "మీ ఆడాళ్ళని పొద్దున బస్సు కాడికి పంపండి, చూస్తారంట" అని ఊరుకుంది.

రెండోరోజు సాయంత్రం రెహానా పెద్ద సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. పదకొండు ఆది జాకెట్లు! ముందుగా తెచ్చినవాడు దైవాదీనం అనే అతను. "మా ఇంటిదానికి కొట్లో పనమ్మా. కొలత దీంట్లో ఉంది, చూసుకోండి" అన్నాడట. బస్సులో జాకెట్లు ఊరికే కుడుతున్నారనుకుని మిగతావాళ్ళూ అతని వెనకే క్యూ కట్టారట.

చివరికి బస్సెక్కింది కూడా ఆది జాకెట్టే! నా కడుపు ఎంత మండిందో చెప్పలేను.

అప్పుడే దైవాదీనం పెళ్ళాం యేసుమణి వచ్చిపడింది. హైమావతికి చిన్ననాటి స్నేహితురాలు. జీడి జిగురుతో వేళ్ళు నల్లగా ఉన్నాయి. "ఏమేవ్ హైమా, చిరుగుల జాకెట్టుని ఊరేగించి నా పరువు తీశావు గదే!"

ముగ్గురూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. ముందు రెహానా నవ్వు ఆపింది.

"ఆర్నెల్లుగా ఊరూరా అడుగుతున్నా ఆంటీ, ఎందుకు రారని. ఈ సంచిలో ఉంది జవాబు. ఇక్కడ మనిషి రాదు, జాకెట్టొస్తుంది. మీరేమో మీ బదులు ఊరందర్నీ పంపిస్తున్నారు. మీరెప్పుడొస్తారు?"

హైమావతి చెయ్యి దానంతటదే ఎడమవైపు పోయింది. యేసుమణి అది చూసింది.

"చెయ్యి తియ్యవే." నన్ను పక్కకు నెట్టి తడిమింది. మొహంలో నవ్వు పోయింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా నుంచి."

"నాకు చెప్పాలనిపించలా?"

"పెళ్ళి జాకెట్లున్నాయే, పన్నెండు..."

"తగలెయ్ నీ జాకెట్లు. రేపు రోజుకూలి పోతే పోయింది, నేనూ ఎక్కుతా. నువ్వు ముందు."

మూడోరోజు ఎక్కారు. తెర వెనక హైమావతి తన జాకెట్టు విప్పింది, నన్నూ తీసింది. ఇద్దరినీ ఒకే కొక్కేనికి తగిలించింది. ఆ ఒక్కచోట ఇద్దరం సమానం. ఆ మిషను చెడిపోవాలని కోరుకున్నాను. దాచను. చెడిపోలేదు. నాలుగు నెలలు నేను నోరు విప్పలేని మాట అది పది నిమిషాల్లో ఆమెకు చెప్పేసింది. హైమక్కే ఎక్కిందని తెలిసి ఆ సాయంత్రానికి కొట్ల నుంచి యాభై మంది దాకా వచ్చారు.

హైమావతిని గుంటూరు పంపారు. సూదితో ముక్క తీసి చూశారు. తర్వాత ఎడమ రొమ్ము తీసేశారు. ఏడు నెలలు నేను మేకుకు వేలాడాను. అంకెల మీద దుమ్ము పట్టింది.

తిరిగొచ్చినరోజు ఆమె తలుపేసి, పెట్టెలోంచి ఆకుపచ్చదాన్ని తీసి తొడుక్కుంది. యేసుమణి హుక్కులు పెట్టింది. ఎడమవైపు గుడ్డ ముడతలు పడి వేలాడింది. హైమావతి అద్దంలో చాలాసేపు చూసుకుంది. విప్పేసింది.

"మణీ, ఆ టేపు ఇటియ్యి."

నల్లటి వేళ్ళు నన్ను ఆమె చుట్టూ తిప్పాయి. ఇన్నేళ్ళకు మొదటిసారి. ఎడమవైపు నా కింద చదునుగా ఉంది. చింతగింజ లేదు.

"ఎంతే?"

"ముప్పై రెండు. ఊపిరి వదులు ముందు. ఆఁ... ముప్పై ఒకటిన్నర."

ఆకుపచ్చదాని మీద నేను గెలిచాను. గెలుపు ఇలా వస్తుందని తెలిస్తే ఆ మేకుకే ఉండిపోయేదాన్ని.

ఇప్పుడు మా కొట్లో సంచులు తీసుకోరు. "మనిషి రావాల" అంటుంది హైమావతి. వచ్చిన ప్రతి మనిషికీ నన్ను చుడుతుంది. బస్సు ఇప్పుడు ఏటా వస్తోంది, నలభై దాటినదాన్ని ఎక్కావా అని అడుగుతుంది. లేదంటే గుడ్డ తీసుకోదు. నాకు పొద్దస్తమానం పనే. ఒక ఇత్తడి రేకు ఊడింది, అంకెలు అరిగాయి. దానికేం బాధ లేదు.

ఆకుపచ్చదాన్ని ఆమె పారెయ్యలేదు. మడిచి, నా మేకు పక్కనే ఇంకో మేకుకు తగిలించింది. దాన్ని చూస్తే నాకిప్పటికీ కుళ్ళే. ఆమె నిండుగా ఉన్నప్పటి కొలత దాని దగ్గరే ఉంది. నా దగ్గర లేదు.