ఇది యాడిది?

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్లు: కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్న నానీ సైదమ్మ. పళ్లొస్తున్న పాపను భుజాన వేసుకుని గుమ్మానికీ వంటింటికీ తిరుగుతున్న షమీమ్ మామీ. ఆ పాప. వంటింటి గట్టు దగ్గర పుచ్చకాయ కోస్తున్న సాజిదా. లతీఫ్ మామ కూడా ఆ ఇంటివాడే గాని, ఊరందరి తిండీ బండి మీద మోసే మనిషిని పొద్దుండగా ఇంట్లో లెక్కపెట్టడం ఎవరికీ అలవాటు లేదు.

కొత్తపేటలో, మెట్రో లైను పక్క గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు అది. సాజిదా హుజూర్‌నగర్ దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా చదివి ఇంటర్‌కు ఇక్కడికొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీ, మామ ఇంట్లో తిండీ పడకా. హాస్టల్లో పెట్టి చదివించే తాహతు వాళ్ల అమ్మీకి లేదు. అందుకే ఆ ఇంట్లో తన గొంతు వినబడకుండా మసులుకోవడం నేర్చుకుంది. పల్లెలోనూ అంతే. సారు పేరు పిలిస్తే లేచి నిలబడేదే గాని నోరు తెరిచేది కాదు.

నానీ రంజాన్ నడుమ ఆపరేషన్‌కని వచ్చింది. రోజాలు, అంటే ఉపవాసాలు, ఉండొద్దని డాక్టరు చెబితే, "ఆయన పని కన్ను. కడుపు సంగతి ఆయనకెందుకు?" అంది.

నానీకి ఒక పట్టుదల ఉంది. ఏ తిండి ముందుకొచ్చినా ముట్టుకునే ముందు "ఇది యాడిది?" అని అడుగుతుంది. చిన్నప్పుడు సాజిదా పక్క చేనులోని దోసకాయ తెంపుకొచ్చి కొరికితే కొట్టలేదు, తిట్టలేదు. నోట్లోని ముక్క ఉమ్మించి, కొరికిన కాయతోనే చేను మనిషి దగ్గరికి నడిపించింది. "కోసేటప్పుడు బిస్మిల్లా అంటే సాలదు బిడ్డా. అది మన చేతికొచ్చిన తొవ్వ గూడ హలాల్ ఉండాలె. తప్పుడు ముద్ద కడుపుల పడ్డంక మన దువా పైకి పోదు" అని దారి పొడుగునా చెప్పింది. ఇప్పుడు కళ్లు సరిగా ఆనక ఆ అడగడం ఇంకా ఎక్కువైంది.

"ఇది యాడిది?" అంది నానీ, చేతికి తగిలిన గిన్నెను తడుముతూ.

"ఖర్జూరం నానీ. మామ తెచ్చిండు."

"కొన్నదేనా?"

"కొన్నదే."

"పోలీసోళ్లు గూడ గిన్ని అడగరు అత్తమ్మా" అని మామీ నవ్వింది.

"పోలీసోళ్లకు జవాబు ఎట్లనో చెప్పి తప్పించుకోవచ్చు" అంది నానీ.

ఎండ గోడ దిగుతుండగా బయట బండి ఆగింది. మామీ ఆశ్చర్యంగా తలుపు వైపు చూసింది. ఇఫ్తార్ వేళ ఆర్డర్లు మీద మీద పడతాయి. ఆ వేళకు మామ ఎప్పుడూ ఎవరి గుమ్మం ముందో నిలబడి, బాటిల్లో నీళ్లతో రోజా విడుస్తాడు. ఈ రోజు హెల్మెట్ కూడా తీయకుండా లోపలికొచ్చి, సంచిలోంచి ఒక డబ్బా తీసి నానీ ముందు పెట్టాడు. మూత సందులోంచి నెయ్యి, వేయించిన ఉల్లిగడ్డ వాసన గదంతా పరుచుకుంది.

నానీ ముక్కు పైకెత్తింది. "హలీమా?"

వచ్చిన రోజే అడిగింది ఆమె, పట్నం హలీమ్ ఎట్లుంటదిరా అని. తెస్తలే అమ్మా, అన్నాడు మామ. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

"ఇది యాడిది లతీఫూ?"

హెల్మెట్ పట్టీ ఊడదీస్తున్న మామ చేయి ఆగింది. "హోటలోళ్లు ఇచ్చిండ్రమ్మా. రోజా ఉన్న డెలివరీ పోరగాళ్లకు పంచుతున్నరు."

"పిలిచి ఇచ్చిండ్రా?"

"పిలిచే ఇచ్చిండ్రు."

నానీ రెండు చేతులూ ఎత్తింది. "ఇచ్చినోళ్ల చెయ్యి సల్లగుండ. ఆల్ల పిల్లలు బాగుండ..." ఆ దువా ఇంకా సాగుతుండగానే మామ ఫోన్‌ను వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసొస్తానని బాత్రూంలోకి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఫోన్ మోగింది. పాప అప్పుడే కళ్లు మూసింది. ఆపమని మామీ చేత్తో సైగ చేసింది. సాజిదా కంగారుగా తెర మీద వేలు లాగింది. ఆపబోయి ఎత్తేసింది.

"హలో, ఏంటి బాబూ ఇది?" అంది ఒక ఆడగొంతు. "వచ్చేసినట్టు చూపిస్తోంది, ఇక్కడ చూస్తే ఎవరూ లేరు. ఎంతసేపని గేటు దగ్గర నిలబడను? మా ఆయన హలీమ్ వస్తోందని మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు. వాటర్ ట్యాంకు ఎదురుగా, ఆకుపచ్చ గేటు. ఇందిరాదేవి అని అడిగితే వాచ్‌మన్ చెబుతాడు. వింటున్నారా?"

సాజిదా గుమ్మం వైపు ఒకసారి చూసింది. "ఆఁ" అని మాత్రం అని ఫోన్ పెట్టేసింది.

పుచ్చకాయ నీళ్లు గట్టు మీంచి పాదాల మీదకు కారుతున్నాయి. వాటర్ ట్యాంకు అంటే రెండు గల్లీల అవతలే. డబ్బా వచ్చిన సంచి వంటింటి తలుపు వెనక కొక్కేనికి ఉంది. దాని మీద అంటించిన చీటీలో అదే పేరు.

మామ తడి చేతులతో వంటింట్లోకి వచ్చాడు. ఆమె మొహం చూసి ఫోన్ వైపు చూశాడు.

"ఎత్తినవా?"

"ఆమె గేటు కాడ నిలవడ్డది మామా."

మామ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఫోన్ల కస్టమర్ రాలేదని కొడితే అయిపోతది. ఆల్ల పైసలు ఆల్లకు వాపస్ వస్తయి. ఇంకోటి తెప్పించుకుంటరు. ఎవ్వరికి నష్టం లేదు."

"కంపెనీకి?"

"కంపెనీకి కడుపుంటదానే?" మామ కళ్లు ఎర్రబడ్డాయి. "నెల పొడుగూత రోజా ఉండి ఈ వాసన ఈపుకు కట్టుకొని తిరుగుతున్న. ఒక్కనాడు, ఒక్క డబ్బా. అది గూడ మా అమ్మకు. నీకు సదువెక్కువై గిట్ల మాట్లాడుతున్నవా?"

"నానీ అడిగింది గద..."

"అడిగింది. చెప్పిన. నీ నోట్లకెళ్లి ఇంకో మాటొచ్చిందనుకో, మీ అమ్మీకి ఫోన్ చేసి వచ్చి తీస్కపొమ్మంట."

మామీ పాపతో గుమ్మంలో నిలబడి అంతా విన్నది. సాజిదా ఆమె మొహంలోకి చూసింది. మామీ పాప తల సవరిస్తూ, "ముక్కలు పళ్లెంల వెయ్, టైం అయితుంది" అంది.

నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. ఖర్జూరాలు, పుచ్చకాయ, నీళ్ల గ్లాసులు, నడుమ ఆ డబ్బా. వేడి తగ్గకూడదని మూత తీయలేదు. సాజిదా కూర్చుంది, లేచింది. తెచ్చిన నీళ్లే మళ్లీ తెచ్చింది. గుడ్డ అంచు సర్దింది. కాళ్ల కింద చీమలు పాకుతున్నట్టు ఎక్కడా నిలవలేకపోయింది. చెబితే మామ తల తన తల్లి ముందు వాలిపోతుంది. చెప్పకపోతే నానీ చెంచా నోటికి చేరుతుంది. నానీ అడిగింది కాబట్టి నానీ మీద తప్పు రాదు, అనుకుంది. మరి తనకు? తను విన్నది కదా. పక్కన కూర్చుని ఆమె తినడం చూడాలి కదా.

నానీ చేయి డబ్బాను తడిమింది. "ఇంక ఎచ్చగనే ఉంది" అని పిల్లలా నవ్వింది. "సాజీ, నువ్వు నా పక్కకు రా. మొదటి ముద్ద నీకే పెడత."

ఆ మాటతో సాజిదా లేచి నిలబడింది. డబ్బా రెండు చేతులతో ఎత్తింది.

"యాడికే?" అన్నాడు మామ.

"గిన్నెల ఒంపుకొస్త."

వంటింట్లో ఆగలేదు. చార్జర్ నుంచి ఫోన్ లాగింది, కొక్కేనికున్న సంచిలో డబ్బా దించింది, వెనక తలుపు తీసింది. మామ లేచిన చప్పుడు వినబడింది. కేక వినబడలేదు. నానీ ముందు కేక వేయలేడని ఆమెకు తెలుసు, అది తెలిసే బయటపడ్డందుకు తనకే సిగ్గేసింది.

గల్లీలో బండ్లు ఇళ్లకు ఉరుకుతున్నాయి. చున్నీ జారుతున్నా పట్టుకోవడానికి చేయి ఖాళీ లేదు. ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి చూసే ఎత్తింది.

"వస్తున్నమ్మా" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆకుపచ్చ గేటు దగ్గర నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఇందిరాదేవి నిలబడి ఉంది. సంచి అందుకుని చేత్తో బరువు చూసింది, డబ్బా తట్టి చూసింది.

"నువ్వేంటమ్మా? ఆ అబ్బాయేడీ? చిన్నపిల్లల చేత కూడా మోయిస్తున్నారా ఇప్పుడు?"

"మా మామ. నేను నడుచుకుంట వచ్చిన."

"బాగానే ఉంది వరస. చల్లారిపోయుంటుంది. ఒక్క స్టారు ఇస్తాను, అప్పుడు గాని తెలియదు మీకు."

వెళ్లిపోదామని తిరిగిన సాజిదా ఆగిపోయింది. మామకు స్టార్లు తగ్గితే ఆర్డర్లు తగ్గుతాయని ఇంట్లో ఎన్నోసార్లు విన్నది.

"ఒద్దమ్మా. తగ్గించకున్రి. మీ తిండి మా ఇంట్ల ఆగింది, తప్పయింది. మాఫ్ చెయ్యిన్రి" అంది ఒకే ఊపిరిలో.

ఇందిరాదేవికి సగమే అర్థమైనట్టుంది. సాజిదా ఎండిన పెదాల వైపు చూసి, "ఉపవాసమా? సరేలే, ఇవ్వనులే వెళ్లు. జాగ్రత్తగా వెళ్లు" అంటూ లోపలికి నడిచింది.

సాజిదా వెనక్కు తిరిగేసరికి మసీదు మైకులో అజా మొదలైంది. గొంతు ఎండిపోయింది. చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు. దారిలో చాయ్ హోటల్ ముందు ఎవరో అందరికీ ఖర్జూరాలు పంచుతున్నారు. చేయి చాపడానికి బిడియపడి దాటిపోయింది. పరుగూ నడకా కాని నడకతో ఇల్లు చేరింది. వెనక తలుపు లోపల గడియ వేసి ఉంది. చుట్టూ తిరిగి ముందుకొచ్చింది.

ముందు తలుపు సగం తెరిచి, గడపకు అడ్డంగా మామ నిలబడి ఉన్నాడు. తిడతాడనుకుంది. ఆయన చేయి చాపాడు. ఆమె ఫోన్ ఇచ్చింది.

లోపల్నుంచి నానీ గొంతు. "పిల్ల వచ్చిందా? రోజా ఇడిసిందో లేదో, ఆ ఖర్జూరం ఇయ్యిరా దానికి."

మామ జేబులోంచి ఒక ఖర్జూరం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆయన కూడా ఇంకా ఏమీ తిన్నట్టు లేడు, పెదాలు తెల్లగా ఉన్నాయి.

"లతీఫూ" అని మళ్లీ పిలిచింది నానీ. "ఎత్తుకపోయిన డబ్బా మళ్ల రాలేదు. ఇప్పుడు సక్కగ చెప్పు. అది యాడిది?"

మామ సాజిదా కళ్లలోకి చూశాడు. చెప్పబోయినట్టు ఆమె పెదవి కదిలింది. ఆయన ఒక అడుగు లోపలికి వేసి, ఆమె మొహం మీదే తలుపు మూశాడు.